ఉష్ణగుండాల ఔషధ మట్టి: అందులోని సూక్ష్మజీవ సమాజాలు

వేడినీటి బుగ్గల దగ్గర బంకమట్టిని ఆ నీటిలోనే వారాలు, నెలల తరబడి ఉంచి మాగబెడతారు. తర్వాత కీళ్లనొప్పులకూ, కొన్ని చర్మవ్యాధులకూ దాన్ని ఒంటికి పట్టిస్తారు. దీన్నే ఔషధ మట్టి అంటారు. శాస్త్ర గ్రంథాల్లో దీని పేరు పెలాయిడ్. ఇందులో ఇంత సిలికా ఉంది, ఇంత సున్నం ఉంది, ఇంత గంధకం ఉంది అంటూ చాలాకాలం దీన్ని ఖనిజాల మిశ్రమంగానే లెక్కగట్టారు. అయితే తవ్వి తెచ్చిన పచ్చిమట్టికీ, రెండు నెలలు మాగిన మట్టికీ ఖనిజాల్లో వచ్చే తేడా అంత పెద్దది కాదు. పెద్ద తేడా ఆ మట్టిలో కాపురం పెట్టిన జీవుల్లో వస్తుంది. నీటి వేడి, ఉప్పు, వెలుతురు, గడిచిన కాలం కలిసి ఏ జీవులు నిలవాలో తేల్చుతాయి. అవి ఉత్పత్తి చేసిన కొవ్వులు, చక్కెరలు, వాయువులు మట్టి గుణాన్ని మారుస్తాయి. అందుచేత ఔషధ మట్టిని గనిలో దొరికే పదార్థంగా కాక, పెంచి పోషించిన పంటగా చూడడమే సరైనది.

ఈ విషయంలో అన్నిటికంటే లోతుగా పరిశోధన జరిగిన చోటు ఉత్తర ఇటలీలో పాదువా నగరం పక్కనున్న యూగానియన్ ఉష్ణజల ప్రాంతం. అందుకే ఈ వ్యాసం ఎక్కువగా దాని చుట్టూనే తిరుగుతుంది.

యూగానియన్ బుగ్గలు

అబానో తెర్మె, మోంతెగ్రొత్తో తెర్మె అనే రెండు ఊళ్లు ఈ ప్రాంతానికి కేంద్రాలు. పక్కనే ఉన్న యూగానియన్ కొండలు కోట్ల ఏళ్ల కిందటి అగ్నిపర్వతాల శేషాలు. అయినా నీటి వేడికి కారణం ఆ అగ్నిపర్వతాలు కావు. ఉత్తరాన ఆల్ప్స్ పాదాల దగ్గరి కొండల మీద కురిసిన వాన సున్నపురాతి పగుళ్ల గుండా దాదాపు 3 కిలోమీటర్ల లోతుకు దిగి, భూగర్భపు సహజమైన వేడికి కాగి, ఖనిజాలను కరిగించుకుంటూ ఎంతోకాలం ప్రయాణించి ఇక్కడ పైకి వస్తుంది. అప్పటికి దాని ఉష్ణోగ్రత 60 నుంచి 87 డిగ్రీల సెల్సియస్ వరకూ ఉంటుంది. ఉప్పు ప్రధానంగా ఉండే ఈ నీటిలో బ్రోమైడ్, అయోడైడ్ కూడా ఉంటాయి.

రోమన్లు ఈ చోటును అపోనస్ అని పిలిచేవారు. క్రీ.శ. మొదటి శతాబ్దంలో పెద్ద ప్లినీ తన ప్రకృతి చరిత్ర గ్రంథం రెండో సంపుటిలో పాదువా వేడినీళ్లలో పచ్చని మొక్కలు మొలుస్తాయని రాశాడు. అంత వేడిలో పెరిగే ఆ పచ్చదనం మొక్కలది అయ్యే అవకాశం తక్కువ. నేటికీ ఆ కాలువల అంచుల్లో పేరుకునే పాచినే ఆయన చూశాడనుకోవడం సమంజసం. అంటే ఈ వ్యాసానికి విషయమైన జీవుల ప్రస్తావన దాదాపు 1,950 ఏళ్ల నాడే గ్రంథస్థమైందన్నమాట.

సూక్ష్మజీవ శాస్త్ర చరిత్రలో ఈ ప్రాంతానికి మరో గౌరవం కూడా ఉంది. 19వ శతాబ్దపు తొలి భాగంలో ఫ్రాంచెస్కో సెకొందో బెజ్జాతో అనే వైద్యుడు యూగానియన్ బుగ్గల వృక్షజాలాన్ని అధ్యయనం చేశాడు. 1842లో విత్తోరె త్రెవిజాన్ గంధకపు నీళ్లలో పెరిగే తెల్లని దారపు బాక్టీరియా ప్రజాతికి ఆయన గౌరవార్థం బెగ్గియటోవా అని పేరు పెట్టాడు. ఆ బెగ్గియటోవానే 1887లో సెర్గెయ్ వినోగ్రాడ్‌స్కీ చేతికి చిక్కింది. సూర్యరశ్మి లేకుండా, హైడ్రోజన్ సల్ఫైడ్‌ను ఆక్సీకరించి శక్తి పొందే జీవులు ఉన్నాయని ఆయన దాని ద్వారానే కనిపెట్టాడు. రసాయన సంశ్లేషణ అనే భావన అలా పుట్టింది. కీళ్లనొప్పులవాళ్లు వచ్చే ఊరి నీటి గుంటలను శ్రద్ధగా చూసిన ఒక వైద్యుడి పేరు జీవశాస్త్రంలోని అంత పెద్ద ఆవిష్కరణకు అంటిపెట్టుకుని ఉండడం ఎంతో సంతోషం కలిగించే విషయం.

తొట్టిలో ఏం జరుగుతుంది

మట్టి ఆ ప్రాంతపు చిన్న సరస్సుల అడుగు నుంచి వస్తుంది. కవి పెట్రార్క్ చివరి రోజులు గడిపిన ఆర్క్వా ఊరి దగ్గరి సరస్సు వాటిలో ఒకటి. తెచ్చిన మట్టిని రాళ్లూ వేర్లూ లేకుండా జల్లించి, వెలుతురు తగిలే తొట్లలో పోస్తారు. పైన వేడినీటిని సన్నగా పారనిస్తారు. ఇలా 50 నుంచి 60 రోజులు ఉంచుతారు. పొంగి వచ్చే నీరు 80 డిగ్రీలు దాటినా, తొట్టిలో మట్టి పైపొర అంతకంటే చాలా చల్లగా ఉండేలా నీటిని సర్దుతారు. ఈ సర్దుబాటులోనే పనివాళ్ల నేర్పంతా ఉంది. కిరణజన్య సంయోగక్రియ జరిపే ఏ జీవీ సుమారు 73 డిగ్రీలకు మించిన వేడిలో బతకదు. ఈ హద్దును అమెరికాలోని యెల్లోస్టోన్ బుగ్గల్లో గుర్తించారు. నీరు మరీ వేడిగా వస్తే మట్టి మీద పచ్చదనం రాదు. మరీ చల్లబడితే మామూలు చెరువుల్లో పెరిగే నాచు వచ్చి కూర్చుంటుంది.

మొదటి కొన్ని రోజుల్లో కంటికి ఏమీ కనబడదు. తర్వాత మట్టి మీద అక్కడక్కడ ఆకుపచ్చ మరకలు మొదలై, క్రమంగా నీలి ఆకుపచ్చని, జిగటైన దుప్పటిలా పరుచుకుంటాయి. ఎండ తగిలినప్పుడు దాని మీద సన్నటి బుడగలు లేస్తాయి. అవి ఆక్సిజన్ బుడగలు. దుప్పటి మందం కొన్ని మిల్లీమీటర్లే అయినా లోపల వాతావరణం పొరపొరకూ మారిపోతుంది. పైన ఆక్సిజన్ పుష్కలం, కాస్త కిందికి దిగితే అది శూన్యం. ఆ చీకటి పొరలో సల్ఫేట్‌ను శ్వాసకు వాడుకునే బాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్‌ను వదులుతుంది. ఆ వాయువు మట్టిలోని ఇనుముతో కలిసి ఐరన్ సల్ఫైడ్ అవుతుంది. మాగిన మట్టి అడుగున కనబడే నలుపు ఐరన్ సల్ఫైడ్ పుణ్యం, కుళ్లిన గుడ్డు లాంటి వాసన హైడ్రోజన్ సల్ఫైడ్ పుణ్యం. పై జీవులు తయారుచేసిన సేంద్రియ పదార్థం కింది జీవులకు తిండి. కింది జీవులు కుళ్లబెట్టి విడుదల చేసిన పోషకాలు మళ్లీ పైవాటికి. ఇలా ఒక పొర మరో పొరను పోషిస్తుంది.

ఈ జీవులు ఎక్కడి నుంచి వస్తాయి? వెలుతురు లేని 3 కిలోమీటర్ల లోతు నుంచి, 80 డిగ్రీల నీటితో కిరణజన్య జీవులు రావడం కుదరని పని. అవి ఊళ్లోనే ఉంటాయి. కాలువల అంచులు, తొట్టి గోడలు, కిందటి విడతలో మిగిలిన మట్టి వాటి ఇళ్లు. పాలు పెరుగు కావడానికి నిన్నటి పెరుగు ఎలా కావాలో, కొత్త మట్టి మాగడానికి పాత మట్టి సావాసం అలా కావాలి. కొత్తగా కట్టిన తొట్టి కంటే పాత తొట్టిలో మట్టి త్వరగా మాగడానికి ఇదే కారణం.

మాగిన మట్టి చేతికి కూడా తేడాగా తెలుస్తుంది. బాక్టీరియా విడిచే చక్కెర జిగురు మట్టి రేణువులను పట్టి ఉంచుతుంది, నీటిని ఎక్కువగా నిలుపుతుంది. దాంతో మట్టి మృదువై, ఒంటికి సమంగా అంటుకుంటుంది; వేడిని నెమ్మదిగా వదులుతుంది.

ఎవరెవరున్నారు

యూగానియన్ మట్టిలో పేరుమోసిన జీవి ఫార్మిడియం ఇ.టి.ఎస్-05. దారాల్లా పెరిగే సయనోబాక్టీరియం ఇది. సయనోబాక్టీరియాను మన పాఠ్యపుస్తకాల్లో నీలి ఆకుపచ్చ శైవలాలని రాస్తారు. మట్టి వేడి 37 నుంచి 47 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు ఇ.టి.ఎస్-05 బాగా వృద్ధి చెందుతుంది. 2020లో పాదువా విశ్వవిద్యాలయం వారు వేర్వేరు స్నానశాలల మట్టి నమూనాల డి.ఎన్.ఎ.ను చదివి ప్రచురించిన అధ్యయనం ప్రకారం సమాజంలో సింహభాగం మూడు వర్గాలది: సయనోబాక్టీరియా, క్లోరోఫ్లెక్సై, ప్రోటియోబాక్టీరియా. ఒకే ప్రాంతం, ఒకే నీరు అయినా స్నానశాలను బట్టి జనాభా మారింది. ఆ మార్పుకు ముఖ్యమైన తాళంచెవి మట్టి ఉష్ణోగ్రతేనని వారు తేల్చారు.

ఈ మట్టి నుంచి శాస్త్రానికి కొత్త జాతులూ వచ్చాయి. 2007లో వర్ణించిన సయనోబాక్టీరియం అపోనినమ్ పేరులో పాత రోమన్ అపోనస్ ఉంది. సన్నని స్ప్రింగుల్లా మెలితిరిగి ఉండే థర్మోస్పిరులినా ఆండ్రియోలియై పేరు పాదువాలో ఈ జీవులపై పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు కార్లో ఆండ్రియోలి గౌరవార్థం పెట్టినది.

క్లోరోఫ్లెక్సై గురించి జనానికి తక్కువ తెలుసు. వీటిలో కొన్ని సయనోబాక్టీరియా దారాల మధ్యా, కిందా పెరుగుతూ, పైవాటికి పనికిరాని వెలుతురునూ, అవి వదిలిన సేంద్రియ పదార్థాన్నీ వాడుకుంటాయి. ప్రపంచంలోని వేడినీటి పాచి దుప్పట్లలో ఈ జంట తరచుగా కనబడుతుంది.

మందు ఎక్కడుంది

చికిత్స పద్ధతి సాదాది. సుమారు 40 డిగ్రీల వేడి మట్టిని ఒంటికి మందంగా పట్టించి, దుప్పటి కప్పి, 15 నుంచి 20 నిమిషాలు ఉంచుతారు. తర్వాత వేడినీటి స్నానం, విశ్రాంతి. ఇటలీ ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ ఏడాదికి ఒక విడతగా 12 మట్టి పూతల ఖర్చును భరిస్తుంది. కీళ్ల అరుగుదల ఉన్నవారిలో నొప్పి తగ్గిందని, బిగుసుకుపోయిన కీళ్లు కదిలాయని అనేక అధ్యయనాలు చెబుతున్నాయి.

ఆ మేలులో జీవుల వాటా ఎంత? పరిశోధకులు ముందు కొవ్వుల మీద దృష్టి పెట్టారు. ఇ.టి.ఎస్-05 కణాల్లో కిరణజన్య పొరలు గ్లైకోలిపిడ్‌లతో, అంటే చక్కెర తగిలించిన కొవ్వులతో తయారవుతాయి. 2005లో ప్రచురితమైన ప్రయోగంలో ఈ జీవి నుంచి తీసిన కొవ్వు భాగాలను వాపు తెప్పించిన ఎలుక చెవులపై పూస్తే వాపు తగ్గింది. 2011లో మోనోగలాక్టోసిల్ డయసైల్‌గ్లిసరాల్ అనే కొవ్వును మనిషి మృదులాస్థి కణాలపై పరీక్షించినప్పుడు వాపును రగిలించే సంకేతాలు తగ్గాయి. 2020లో జిగురు చక్కెరల వంతు వచ్చింది. ఇ.టి.ఎస్-05 విడిచే ఆ చక్కెరలు జీబ్రాఫిష్ పిల్లల్లో వాపును, ఆక్సీకరణ హానిని తగ్గించాయి. ఈ పరిశోధనల్లో పెద్దభాగానికి వెనుక పాదువా విశ్వవిద్యాలయమూ, స్నానశాలలు కలిసి నడిపే పియెత్రో ద'అబానో ఉష్ణజల అధ్యయన కేంద్రమూ ఉన్నాయి. 13, 14 శతాబ్దాల నాటి వైద్యుడు పియెత్రో ద'అబానో పేరు దానికి పెట్టారు. యూగానియన్ మట్టికి యూరోపియన్ పేటెంట్ కూడా దక్కింది.

ఇక్కడ ఒక విషయం తూకంగా చెప్పాలి. శుద్ధిచేసిన కొవ్వును ఎలుక చెవిపై పూయడం ఒకటి. అదే కొవ్వు మట్టిలో కలిసి ఉండగా, 20 నిమిషాల్లో మనిషి చర్మాన్ని దాటి మోకాలి కీలులోకి చేరడం మరొకటి. మొదటిది రుజువైనంత మాత్రాన రెండోది రుజువైనట్టు కాదు. వేడి ఒక్కటే కండరాలను సడలిస్తుంది, రక్తప్రసరణను పెంచుతుంది, నొప్పిని మందగింపజేస్తుంది. పైగా వేడి మట్టి పట్టించుకున్న రోగికి ఆ సంగతి తెలియకుండా ఉండదు. కాబట్టి మాత్రలను పరీక్షించినట్టు ఎవరికి అసలు మందు, ఎవరికి ఉత్తుత్తి మందు అని దాచిపెట్టి పరీక్షించడం చాలా కష్టం. మాగిన మట్టినీ, అదే వేడికి కాచిన మాగని మట్టినీ రోగుల రెండు జట్లపై పోల్చడమే దీనికి సరైన దారి. రెండూ చూపుకు ఒకేలా ఉండేలా చేయగలిగితే జీవుల వాటా ఎంతో సంఖ్యల్లో తేలుతుంది. జబ్బుతో వచ్చినవారికి అంతకంటే తక్కువ స్థాయి రుజువుతో సరిపెట్టడం న్యాయం కాదు.

ఇతర చోట్ల

యూగానియన్ మట్టిలో మొదట గుర్తించిన సయనోబాక్టీరియం అపోనినమ్ అక్కడికి ఎంతో దూరాన, ఐస్‌లాండ్‌లోని బ్లూ లగూన్‌లోనూ కనబడింది. ఇది సహజమైన బుగ్గ కాదు. స్వార్ట్‌సెంగి భూఉష్ణ విద్యుత్ కేంద్రం 1976లో మొదలైనప్పుడు అది వదిలిన నీరు లావా బండల మధ్య నిలిచి ఏర్పడిన సరస్సు. అందులో సముద్రపు నీటి పాలు ఎక్కువ. సిలికా అవక్షేపించి తెల్లని బురదగా అడుగున చేరుతుంది. 1980లలో సోరియాసిస్ ఉన్నవారు ఆ నీటిలో మునిగి ఉపశమనం పొందినట్టు చెప్పాక వైద్యుల దృష్టి దానిపై పడింది. ఆ నీటిలో జీవ వైవిధ్యం చాలా తక్కువ. కొద్ది జాతులే సరస్సును ఏలుతాయి. వాటిలో ఒకటైన సిలిసిబాక్టర్ లాకుస్‌సెరులెన్సిస్‌ను 1997లో వర్ణించారు. పేరులోనే నీలి సరస్సు ఉంది. అక్కడి అపోనినమ్ విడిచే జిగురు చక్కెరలు మనిషి రోగనిరోధక కణాల చేత వాపును అణచే ఇంటర్‌ల్యూకిన్-10ను ఎక్కువగా విడుదల చేయించాయని 2015 నాటి పరిశోధన చూపింది. ఇటలీలో బంకమట్టి, ఐస్‌లాండ్‌లో సిలికా; రెండింటి ఖనిజాలకూ పోలిక లేదు. అయినా రెండు చోట్లా ఒకే జాతి కనబడింది, రెండు చోట్లా వాపును తగ్గించే జిగురు చక్కెరలున్నాయి. మట్టి గుణాన్ని జీవుల్లో వెతకాలనే వాదానికి ఇంతకంటే మంచి ఆధారం దొరకడం కష్టం.

ఫ్రాన్స్‌లోని డాక్స్ పట్టణంలో అదూర్ నది ఒండ్రును 64 డిగ్రీల నెహె బుగ్గ నీటితో కలిపి వాడుకోవడం పాత అలవాటు. ఇప్పుడక్కడ సూక్ష్మ శైవలాలను విడిగా పెంచి మట్టిలో చల్లి, టెర్డాక్స్ అనే పేరుతో తయారుచేస్తారు. అంటే ప్రకృతికి వదిలేయకుండా విత్తనం వేసి పండించడం. స్లొవాకియాలోని పియెష్చనిలో వాహ్ నది పాయలో గంధకపు బురద మాగుతుంది. అక్కడ కథానాయకులు చీకట్లో పనిచేసే సల్ఫేట్ బాక్టీరియా.

మృత సముద్రపు నల్లని మట్టి పూర్తిగా వేరే దారి. అక్కడి నీటిలో లీటరుకు సుమారు 340 గ్రాముల లవణాలున్నాయి. అందులో జీవులే ఉండవని నమ్మిన కాలంలో, 1936లో బెంజమిన్ ఎలజారి వోల్కాని ఉప్పును ప్రేమించే సూక్ష్మజీవులు అందులో ఉన్నాయని చూపించాడు. హాలోఫెరాక్స్ వోల్కానియై అనే ఆర్కియా పేరు ఆయన గౌరవార్థమే. అయితే మట్టిలో మాత్రం జీవులు చాలా పలచగా ఉంటాయి. ప్రయోగశాలలో కావాలని కలిపిన రోగకారక బాక్టీరియా అందులో త్వరగా చచ్చిపోయింది. ఇక్కడ మట్టికి గుణం జీవులు లేకపోవడం వల్ల, ఉప్పు వల్ల వచ్చింది. కాబట్టి ఒకచోటి మట్టి గురించి తేలిన విషయాన్ని ఇంకోచోటి మట్టికి అంటగట్టకూడదు. సంచుల్లో, డబ్బాల్లో ఎండబెట్టి అమ్మే ఔషధ మట్టికి మాగిన మట్టి ఫలితాలను ఆపాదించడం అంతకంటే తప్పు.

తెలుగువారికి పరిచయమైన మట్టి పట్టీ కూడా ఈ కోవలోకి రాదు. మన ప్రకృతి చికిత్సాలయాల్లో శుభ్రమైన మట్టిని ఎండబెట్టి, జల్లించి, చన్నీళ్లతో నానబెట్టి పొట్టమీదా కళ్లమీదా వేస్తారు. అక్కడ ఉద్దేశం చలువ, మాగబెట్టడం లేదు. భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఒడ్డున ఇసుక తవ్వితే వేడినీరు ఊరుతుంది, యాత్రికులు ఆ నీటితో స్నానం చేస్తారు. మణుగూరు వైపూ భూగర్భంలో వేడినీళ్లున్నాయి. అక్కడ స్నానపు ఆచారమే తప్ప మట్టిని మాగబెట్టి వాడే సంప్రదాయం లేదు.

రోగకారక జీవుల బెడద

వెచ్చగా, తేమగా, సేంద్రియ పదార్థంతో నిండి ఉన్న మట్టి మంచి జీవులకే కాదు, చెడ్డవాటికీ ఇష్టమైన చోటు. సూడోమోనాస్ ఎరుజినోసా, స్టాఫిలోకాకస్ ఆరియస్, మలం ద్వారా వచ్చే కోలిఫారమ్‌లు, క్లాస్ట్రీడియం బీజాలు మట్టిలో లేవని నిర్ధారించుకోవడం స్నానశాలల బాధ్యత. క్లాస్ట్రీడియం బీజాలు కాచినా సులభంగా చావవు కనుక మట్టి ఎక్కడి నుంచి తెచ్చారన్నది ముఖ్యం. మొత్తం మట్టిని బాగా ఉడికించి క్రిమిరహితం చేయవచ్చు. అప్పుడు మాగబెట్టిన ఫలమూ చాలావరకు పోతుంది. అందుకే ఉప్పు, వేడి, నాటుకుపోయిన జీవుల పోటీ కలిసి కొత్తగా వచ్చిన రోగకారకాలను నిలవనీయని స్థితిలో తొట్టిని ఉంచడం మేలైన రక్షణ. మానని పుండ్లు, జ్వరం, తీవ్రమైన గుండె జబ్బు ఉన్నవారికి ఈ చికిత్స తగదు.

మట్టి నుంచి డి.ఎన్.ఎ.

సయనోబాక్టీరియాను ఒకప్పుడు సూక్ష్మదర్శినిలో చూసి, దారం మందం, కణం ఆకారాన్ని బట్టి పేర్లు పెట్టేవారు. ఈ లెక్కన ఏమాత్రం బంధుత్వం లేని జీవులు కూడా ఫార్మిడియం అనే ఒకే గూటిలో చేరాయి. ఇప్పుడు 16ఎస్ రైబోజోమ్ జన్యువును చదివి పోల్చుతున్నారు. అయితే బంకమట్టి రేణువులు డి.ఎన్.ఎ.ను గట్టిగా పట్టుకుంటాయి. దాన్ని విడదీయడం కష్టం, విడదీసినదాంట్లో చచ్చిన కణాల డి.ఎన్.ఎ. కూడా కలిసి ఉంటుంది. ఎవరున్నారో జాబితా వస్తుంది కానీ, ఎవరు బతికి పనిచేస్తున్నారో దాన్నిబట్టి చెప్పలేం. అందుకే ఆర్.ఎన్.ఎ.ను, కొవ్వులను నేరుగా కొలిచే పద్ధతులు తోడు కావాలి.

వాడిన మట్టిని ఏం చేయాలన్నది తర్వాతి సమస్య. సంప్రదాయం ప్రకారం దాన్ని పారేయరు. తిరిగి తొట్టిలో పోసి మళ్లీ వేడినీరు పారిస్తారు. సరస్సుల అడుగున ఉన్న మట్టి తరగని గని కాదు కనుక ఇది అవసరం కూడా. కానీ ప్రతిసారీ మాగిన తర్వాత ఇ.టి.ఎస్-05 మొదటి స్థాయికి చేరిందా, దాని గ్లైకోలిపిడ్‌లు తగినంత ఏర్పడ్డాయా అన్నది కంటికి కనబడే పచ్చదనాన్ని బట్టి తేలదు. తొట్టి తొట్టికీ నమూనా తీసి కొలవాలి.